క్లాజు పాఠం తెలుగు వాక్యంతో మొదలుపెట్టండి

విశాఖపట్నం ద్వారకానగర్‌లో ఏ వీధిలోకి తిరిగినా ఒక కోచింగ్ సెంటర్ కనిపిస్తుంది. బ్యాంకు పరీక్షలకు, రైల్వే పరీక్షలకు, గ్రూప్ పరీక్షలకు చదివే పిల్లలు శ్రీకాకుళం నుంచీ విజయనగరం నుంచీ అనకాపల్లి నుంచీ వచ్చి అక్కడ కూర్చుంటారు. వాళ్లలో ఎవరినైనా ఇంగ్లీషులో క్లాజులు, అంటే సొంత క్రియ ఉన్న వాక్యభాగాలు, ఎన్ని రకాలని అడగండి. నౌన్ క్లాజ్, ఎడ్జెక్టివ్ క్లాజ్, ఎడ్వర్బ్ క్లాజ్ అని తడుముకోకుండా చెబుతారు. గీత గీసి ఇచ్చిన ముక్క ఏ రకమో చాలామంది సరిగ్గానే గుర్తిస్తారు. ఆ తర్వాత ఒక కాగితం చేతికిచ్చి, "మేము ఉంటున్న ఇంటికి నీళ్లు రావడం లేదు, వచ్చినా గంటలోపే ఆగిపోతున్నాయి" అనే మాటను ఇంగ్లీషులో రాయమనండి. పేర్లన్నీ తెలిసిన పిల్లలు అక్కడ ఆగిపోతారు.

తప్పు పిల్లలది కాదు. ఇంగ్లీషు క్లాజును బోర్డు మీద రాసి చూపించేవాళ్లు ఉన్నారు గానీ, పిల్లల నోట్లో అప్పటికే ఆడుతున్న తెలుగు వాక్యాన్ని తెచ్చి దాని పక్కన పెట్టేవాళ్లు లేరు. తెలుగువాళ్లకు ఇంగ్లీషు క్లాజును తెలుగు వాక్యం ద్వారానే, తెలుగులోనే నేర్పాలని నేను గట్టిగా నమ్ముతున్నాను. రెండు భాషలూ ఎక్కడ కలిసి నడుస్తాయో, ఎక్కడ విడిపోతాయో చెబితే చాలు. నేర్చుకోవలసింది ఎంత తక్కువో అప్పుడు తెలుస్తుంది.

నేను రేవు దగ్గర, సరుకుల క్లియరెన్స్ చూసే ఒక ఆఫీసులో ఉత్తరాలు రాసే పని చేస్తాను. 1933లో అప్పటి వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభించిన ఈ రేవులోకి ఏ దేశపు ఓడ వచ్చినా మా ఉత్తరాలు నడిచేది ఇంగ్లీషులోనే. మా అక్క కూతురు మా ఇంట్లో ఉండి బ్యాంకు పరీక్షకు చదువుకుంటోంది. సాయంత్రాలు తన స్నేహితులు కూడా వచ్చి కూర్చుంటారు. పగలు ఆఫీసులో దిద్దే ఉత్తరాల్లో, రాత్రి ఇంట్లో దిద్దే నోటు పుస్తకాల్లో నాకు కనిపించే తప్పులు దాదాపు ఒకటే. అవి ఇంగ్లీషు రాకపోవడం వల్ల వస్తున్న తప్పులు కావు. తెలుగు వాక్యం తన పద్ధతిలో తాను పనిచేయడం వల్ల, ఆ పద్ధతి ఏమిటో రాసేవాళ్లకు ఎవరూ చెప్పకపోవడం వల్ల వస్తున్నవి.

"పిన్నీ, చూస్తే అది ఏ క్లాజో తెలుస్తోంది. రాయమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు" అంది మా అమ్మాయి ఒకసారి.

"నువ్వు ఇప్పుడు అన్న మాటలోనే నాలుగు క్లాజులు ఉన్నాయి తల్లీ" అన్నాను. చూస్తే, ఏ క్లాజో, రాయమంటే, ఎక్కడ మొదలుపెట్టాలో. ఈ నాలుగూ ఎవరూ నేర్పకుండా తనకు వచ్చినవే.

అన్నిటికంటే ముందు చెప్పవలసింది క్రియ గురించి. ఈ వాక్యం చూడండి: "అమ్మ పూర్ణా మార్కెట్‌కు వెళ్లి, చేపలు కొని, ఆటో ఎక్కి ఇంటికి వచ్చింది." పనులు నాలుగు. కాలాన్నీ కర్తనూ చూపించే క్రియ మాత్రం ఒక్కటే, చివరి 'వచ్చింది'. అదే సమాపక క్రియ. వెళ్లి, కొని, ఎక్కి అనేవి అసమాపకాలు. అవి నిన్నటివో రేపటివో వాటిని చూసి చెప్పలేం. 'వచ్చింది' తీసేసి 'వస్తుంది' అని పెట్టండి, నాలుగు పనులూ రేపటివైపోతాయి. తెలుగు వాక్యంలో అధికారమంతా చివరి క్రియ చేతిలో ఉంటుంది, మిగతావన్నీ దాని మాట కోసం ఎదురుచూస్తాయి.

ఇదే మాట ఇంగ్లీషులో: "మదర్ వెంట్ టు ద మార్కెట్, బాట్ ఫిష్, టుక్ యాన్ ఆటో అండ్ కేమ్ హోమ్." వెంట్, బాట్, టుక్, కేమ్. నాలుగూ భూతకాలాన్ని విడివిడిగా మోస్తున్నాయి. రేపటికి మార్చాలంటే 'విల్' తెచ్చి, ఆ నాలుగింటి రూపమూ మార్చాలి. బళ్లలో చెప్పే ఇంగ్లీషు క్లాజు అంటే ఇదే: కాలాన్ని మోసే సొంత క్రియ ఉన్న వాక్యభాగం. ఆ క్రియ ఉంది కాబట్టి దానికి సాధారణంగా సొంత కర్త కూడా కావాలి. తన కాళ్ల మీద తాను నిలబడగల క్రియలు ఒకే వాక్యంలో రెండు మూడు చేరితే వాటిని కలపడానికి విడిగా ఒక మాట పెట్టాలి. అండ్, బికాజ్, ఇఫ్, వెన్, దట్, హూ ఆ పని కోసం వచ్చినవే. మనకు ఆ మాటల అవసరం తక్కువ, ఎందుకంటే మన ముడి క్రియ చివరనే ఉంది. వెళ్లి, వెళితే, వెళ్లినా, వెళ్లిన, వెళ్లగానే, వెళ్లేదాకా. తెలుగు ముడి క్రియకు వెనక పడుతుంది, ఇంగ్లీషు ముడి ఎక్కువగా క్లాజుకు ముందు పడుతుంది.

అందుకే మా ఇంటికి వచ్చే పిల్లలకు నేను మొదట క్లాజుల పేర్లు చెప్పను. వాక్యంలో కాలాన్ని చూపే క్రియలు లెక్కపెట్టమంటాను, తర్వాత కలిపే మాటలు లెక్కపెట్టమంటాను. క్రియలకంటే కలిపే మాటలు ఒకటి తక్కువ ఉండాలి. "ఇఫ్ ఇట్ రెయిన్స్, ద మ్యాచ్ విల్ స్టాప్" అన్నప్పుడు క్రియలు రెండు, కలిపే మాట ఒకటి. పైన చేపల వాక్యంలో లాగా వరసగా పనులు చెప్పేటప్పుడు కొన్ని చోట్ల కామా ఆ పని చేస్తుంది. "ఐ థింక్ హి ఈజ్ లేట్" లాంటి చోట 'దట్' ఉందనుకుని వదిలేస్తారు. ఈ మినహాయింపులు చెప్పిన తర్వాత కూడా లెక్క తప్పిందంటే వాక్యంలో ఎక్కడో పొరపాటు ఉందన్నమాట. "ఇట్ వజ్ రెయినింగ్, వి డిడ్ నాట్ గో" అని రాసిన పిల్లవాడు క్రియలు రెండు పెట్టి ముడి వేయడం మరిచిపోయాడు. తెలుగులో "వర్షం పడుతోంది, మేము వెళ్లలేదు" అనడం సహజమే కాబట్టి అతనికి అది తప్పని తోచదు.

ఇక్కడ నాకు నిజంగా బాధ కలిగించే విషయం ఒకటి ఉంది. మన హైస్కూలు తెలుగు పుస్తకాల్లో క్త్వార్థకం (వెళ్లి), శత్రర్థకం (వెళుతూ), చేదర్థకం (వెళితే), అప్యర్థకం (వెళ్లినా) అన్నీ ఉన్నాయి. సామాన్య వాక్యం, సంక్లిష్ట వాక్యం, సంయుక్త వాక్యం అన్న పాఠం ఉంది. అదే పిల్లలు మరో పీరియడ్‌లో ఇంగ్లీషులో సింపుల్, కాంప్లెక్స్, కాంపౌండ్ అని చదువుతారు. ఒకే గది, ఒకే బల్ల, కొన్నిసార్లు ఒకే రోజు. ఈ రెండు పాఠాలూ చుట్టాలని చెప్పే మనిషి ఉండడు. తెలుగు మాస్టారు ఇంగ్లీషు ముట్టుకోరు, ఇంగ్లీషు టీచరు తెలుగు మాట్లాడితే తక్కువతనమనుకుంటారు. పిల్లలు చేదర్థకాన్ని రెండు మార్కుల కోసమూ, ఇఫ్ క్లాజును మరో రెండు మార్కుల కోసమూ విడివిడిగా బట్టీ పడతారు.

చేదర్థకం సంగతే చూడండి. 'వస్తే' అన్న రూపంలో కాలం లేదు, కర్త ఎవరో లేదు. నేను వస్తే, నువ్వు వస్తే, వాళ్లు వస్తే, అన్నిటికీ అదే. "నాన్న వస్తే చెబుతాను" అన్నామనుకోండి. నాన్న తప్పకుండా వస్తారని తెలిసి అన్నామా, వస్తారో రారో తెలియక అన్నామా? తెలుగులో ఆ తేడా చెప్పి తీరాలన్న నియమం లేదు, సందర్భాన్ని బట్టి వినేవాళ్లు తెలుసుకుంటారు. ఇంగ్లీషులో కలం పెట్టే ముందే తేల్చుకోవాలి. వస్తారని తెలిస్తే 'వెన్', తెలియకపోతే 'ఇఫ్'. ఖాతాదారుకు రాసే ఉత్తరంలో "వెన్ ద షిప్ అరైవ్స్" అని రాస్తే ఓడ వస్తోందని మాట ఇచ్చినట్టు. "ఇఫ్ ద షిప్ అరైవ్స్" అని రాస్తే అవతలివాళ్లు కంగారుపడి ఫోను చేస్తారు. మన 'వస్తే'లో రెండూ ఉన్నాయి కాబట్టి మనవాళ్లు ఈ రెంటిలో ఏది చేతికి తగిలితే అది పెట్టేస్తారు.

రెండో చిక్కు 'విల్'. ఓడ వచ్చేది రేపు కదా, మరి "ఇఫ్ ద షిప్ విల్ అరైవ్ టుమారో" అని ఎందుకు రాయకూడదు? ఇది న్యాయమైన ప్రశ్నే. షరతునూ సమయాన్నీ చెప్పే క్లాజుల్లో భవిష్యత్తును చెప్పవలసి వచ్చినా ఇంగ్లీషు వర్తమాన రూపమే వాడుతుంది, 'విల్' ప్రధాన క్లాజులోనే పడుతుంది. ఇఫ్, వెన్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్, అన్నిటికీ ఇదే పద్ధతి. దీన్ని బట్టీ పట్టించనక్కరలేదు. మన భాషలో కూడా 'ఓడ రేపు వస్తే' అంటాం గానీ 'వస్తుందితే' అనం కదా. భవిష్యత్తును చూపే పని చివరి క్రియకే వదిలేస్తాం. ఓడ వచ్చేలోగా, ఓడ వచ్చేదాకా, ఓడ రాగానే, వీటిలో ఎక్కడైనా 'వస్తుంది' కనిపిస్తోందా? లేదు. ఇంగ్లీషు కూడా ఈ చోట మనలాగే చేస్తోందని చెప్పి చూడండి, 'విల్' తప్పు ఎంత త్వరగా తగ్గుతుందో మీకే తెలుస్తుంది.

అప్యర్థకంలో ఇంకో అందం ఉంది. "వర్షం వచ్చినా మ్యాచ్ ఆగదు", "వర్షం వచ్చినా మ్యాచ్ ఆగలేదు". రెంటిలోనూ 'వచ్చినా' అక్షరం మారలేదు. మొదటిదానిలో వర్షం ఇంకా రాలేదు, రెండోదానిలో వచ్చి వెలిసింది. ఆ సంగతి మనకు చెప్పింది చివరి క్రియ. ఇంగ్లీషులో చివరిదాకా ఆగడం కుదరదు. మొదటిదానికి 'ఈవెన్ ఇఫ్', రెండోదానికి 'ఆల్దో' అని వాక్యం తలుపు దగ్గరే చెప్పాలి. కాబట్టి ఇంగ్లీషులో రాయబోయేవాళ్లు తమ తెలుగు వాక్యాన్ని మనసులో చివరిదాకా చదువుకుని, ఆ తర్వాతే మొదటి మాట రాయాలి. పైన చెప్పిన నీళ్ల వాక్యంలో 'వచ్చినా' మూడో రకం. నీళ్లు అప్పుడప్పుడు వస్తూనే ఉన్నాయి, కాబట్టి అక్కడ "ఈవెన్ వెన్ ఇట్ కమ్స్, ఇట్ స్టాప్స్ వితిన్ యాన్ అవర్" అనాలి. మూడు ఇంగ్లీషు ముడులకు మనకు ఒకటే ప్రత్యయం. ఇది తెలుగు లోపం కాదు, పొదుపు. కానీ ఆ పొదుపును ఇంగ్లీషులోకి తీసుకెళ్లలేమని పిల్లలకు చెప్పాలి. 'ఆల్దో' పెట్టిన తర్వాత మళ్లీ 'బట్' పెట్టకూడదన్నది కూడా మన లెక్కతోనే తెలుస్తుంది. క్రియలు రెండు, ముడి ఒక్కటే చాలు.

ఇప్పుడు అన్నిటికంటే విలువైన చోటికి వస్తున్నాను. ఎడ్జెక్టివ్ క్లాజ్ అని వాళ్లు చెప్పేది మన ధాతుజ విశేషణం, అంటే క్రియ నుంచి పుట్టిన విశేషణం, చేసే పనే చేస్తుంది. రవి రాసిన ఉత్తరం. రవి రాసిన పెన్ను. రవి రాసిన బల్ల. రవి రాసిన రోజు. 'రాసిన' అన్న ఒక్క రూపం నాలుగు రకాల సంబంధాలను మోస్తోంది. ఉత్తరాన్ని రాశాడు, పెన్నుతో రాశాడు, బల్ల మీద రాశాడు, ఆ రోజున రాశాడు. ఆ ని, తో, మీద, న ఎక్కడికి పోయాయి? తెలుగు వాటిని మింగేసింది. లోకజ్ఞానం ఉన్న శ్రోత వాటిని తిరిగి పూరించుకుంటాడని మన భాషకు నమ్మకం.

ఇంగ్లీషుకు ఆ నమ్మకం లేదు. "ద లెటర్ దట్ రవి రోట్" సరిపోతుంది, ఎందుకంటే ఇంగ్లీషులో కర్మకు ప్రత్యయం లేదు. కానీ "ద పెన్ దట్ రవి రోట్ విత్", "ద టేబుల్ దట్ రవి రోట్ ఆన్" అనాలి. ఆ విత్, ఆ ఆన్ వాక్యం చివర ఒంటరిగా వేలాడుతూ కనిపిస్తాయి కాబట్టి మన పిల్లలకు అవి అనవసరంగా తోస్తాయి, తీసేస్తారు. "ద హౌస్ ఐ లివ్" అని రాస్తారు. ఎందుకు రాయరు? 'నేను ఉంటున్న ఇల్లు' అన్నప్పుడు 'లో' ఎక్కడుంది? 'ఇన్' కావాలని చెప్పడానికి వ్యాకరణ సూత్రాలు పది చెప్పనక్కరలేదు. ఆ విశేషణాన్ని విప్పి మామూలు వాక్యం చేయమంటే చాలు. నేను ఇంటిలో ఉంటున్నాను. 'లో' బయటపడింది, అదే 'ఇన్'. నేను మాట్లాడిన మనిషి అంటే, మనిషితో మాట్లాడాను, కాబట్టి "ద పర్సన్ ఐ స్పోక్ టు". నువ్వు ఎదురుచూస్తున్న బస్సు అంటే, బస్సు కోసం ఎదురుచూస్తున్నావు, కాబట్టి "ద బస్ యు ఆర్ వెయిటింగ్ ఫర్". కర్మనూ, రోజు లాంటి కాలాన్నీ తప్పిస్తే, తెలుగు విభక్తి ఎక్కడ మాయమైందో అక్కడ సాధారణంగా ఇంగ్లీషు ప్రిపొజిషన్ ఉండాలి. ఈ ఒక్క సంగతి నేర్చుకున్న రోజున మా ఇంట్లో పిల్లలు పుస్తకం మూసి, కనిపించిన ప్రతి వస్తువు మీదా ఇలాంటి మాటలు కట్టుకుంటూ కూర్చున్నారు. నేను పడుకునే ముందు తాళం వేసిన తలుపు, అమ్మ కూరలు తరిగే కత్తిపీట, తాతయ్య పేపరు చదివే కుర్చీ.

దీనికి తిరగబడిన తప్పు కూడా ఉంది. "ద షిప్ దట్ ఐ సా ఇట్" అని రాస్తారు కొందరు. 'దట్' అప్పటికే ఓడ తరఫున నిలబడి ఉంది, మళ్లీ 'ఇట్' అక్కరలేదు. 'నేను చూసిన ఓడ' అన్నప్పుడు మనం 'దాన్ని' అనం కదా అని అడిగితే వెంటనే దిద్దుకుంటారు. ఒక చోట తెలుగును వదలమనాలి, మరో చోట తెలుగునే పట్టుకోమనాలి. ఏది ఎక్కడో చెప్పగలిగే మనిషే టీచరు.

కుక్కను తరిమిన పిల్లాడు వేరు, కుక్క తరిమిన పిల్లాడు వేరు. మనకు ఆ తేడా ఒక్క 'ను' చెబుతుంది. ఇంగ్లీషులో ప్రత్యయం లేదు కాబట్టి తేడాను మాటల వరస చెబుతుంది. "ద బాయ్ హూ చేజ్డ్ ద డాగ్" అన్నప్పుడు 'హూ' తర్వాత వెంటనే క్రియ వచ్చింది, కాబట్టి తరిమింది పిల్లాడే. "ద బాయ్ హూమ్ ద డాగ్ చేజ్డ్" అన్నప్పుడు మధ్యలో కుక్క వచ్చి కూర్చుంది, తరిమింది కుక్క. హూ, హూమ్ ఎప్పుడు వాడాలన్న పాఠం ఇంతే. మాటల్లో ఇప్పుడు 'హూమ్' తగ్గిపోయింది, మామూలుగా 'హూ' అనేస్తారు, లేదా రెండూ వదిలేస్తారు. వరస మాత్రం మారదు.

ప్రశ్నను లోపల దాచుకున్న వాక్యాలు తెలుగులో చక్కగా ఉంటాయి. "రైలు ఎప్పుడు వస్తుంది?" అన్నది ప్రశ్న. "రైలు ఎప్పుడు వస్తుందో తెలియదు" అన్నది ప్రశ్న కాదు. క్రియ చివర చేరిన 'ఓ' ఆ సంగతి చెబుతోంది. ఇంగ్లీషులో 'ఓ' లాంటి గుర్తు లేదు. అక్కడ కర్త, క్రియల వరసే గుర్తు. "వెన్ విల్ ద ట్రైన్ కమ్?" అని అడుగుతాం, కానీ "ఐ డోంట్ నో వెన్ ద ట్రైన్ విల్ కమ్" అంటాం. లోపలికి వెళ్లగానే క్రియ మళ్లీ కర్త వెనక్కి పోవాలి. తెలుగులో 'ఓ' వినిపిస్తే ఇంగ్లీషులో క్రియ ముందుకు రాకూడదని చెబితే సరిపోతుంది. వస్తాడో రాడో అన్న చోట 'వెదర్'. నౌన్ క్లాజుల్లో పెద్ద భాగం ఇక్కడితో అయిపోతుంది.

మిగతా భాగం 'అని'. "తాను రేపు వస్తానని రవి నిన్న చెప్పాడు." ఈ వాక్యాన్ని జాగ్రత్తగా చూడండి. రవి నోటి నుంచి వచ్చిన 'వస్తాను' చెక్కుచెదరకుండా అలాగే ఉంది. అంతకుముందు 'తాను' మాత్రం చేరింది. తెలుగు చెప్పినవాడి మాటను దాదాపు యథాతథంగా తెచ్చి 'అని' అంటిస్తుంది. ఇంగ్లీషు మాత్రం చెబుతున్నవాడి వైపు నుంచి మొత్తాన్ని తిరగరాస్తుంది. "రవి సెడ్ దట్ హి వుడ్ కమ్ ద నెక్స్ట్ డే" అవుతుంది. 'ఐ' పోయి 'హి', 'విల్' పోయి 'వుడ్', 'టుమారో' పోయి 'ద నెక్స్ట్ డే'. ఇది తెలియక "రవి సెడ్ దట్ ఐ విల్ కమ్" అని రాస్తే, వస్తానన్నది రవి కాదు, రాసినవాడే అయిపోతాడు. మా ఆఫీసులో ఇలాంటి వాక్యం వల్ల ఎవరు సరుకు తీసుకెళ్లాలో తేలక ఉత్తరాలు అటూ ఇటూ తిరగడం చూశాను.

ఉత్తరాల మాట వచ్చింది కాబట్టి కామా గురించి కూడా చెప్పాలి. ఇక్కడ తెలుగు మనకు పెద్దగా సాయం చేయదు, ఆ సంగతి ఒప్పుకుని విడిగా నేర్పాలి. "ద కంటెయినర్స్ విచ్ వర్ డామేజ్డ్ వర్ సెంట్ బ్యాక్" అని కామాలు లేకుండా రాస్తే, దెబ్బతిన్నవి మాత్రమే వెనక్కి పంపాం, మంచివి ఉంచుకున్నాం. "ద కంటెయినర్స్, విచ్ వర్ డామేజ్డ్, వర్ సెంట్ బ్యాక్" అని రాస్తే, అన్నీ దెబ్బతిన్నాయి, అన్నీ పంపేశాం. రెండు చిన్న గీతలు. వాటి మీద బీమా సొమ్ము లెక్క మారిపోతుంది. 'విశాఖలో ఉంటున్న మా అన్నయ్య' అన్నప్పుడు మనకు అన్నలు ఒకరా ఇద్దరా అన్నది ఆ మాటలో లేదు, వినేవాళ్లకు ముందే తెలుసు. ఇంగ్లీషు రాతలో కామా పెడితే అన్న ఒక్కడే, పెట్టకపోతే ఇంకో అన్న ఎక్కడో ఉన్నాడు. కోచింగ్ నోట్సుల్లో ఇది చివరి పేజీలో ఒక మూల ఉంటుంది. ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే దీని అవసరం పడుతుంది.

ఏది క్లాజు, ఏది ఫ్రేజు అన్న తగాదాలోకి నేను ఎక్కువ దిగను. బడి పుస్తకాల ప్రకారం కాలాన్ని చూపే క్రియ లేకపోతే అది క్లాజు కాదు, ఫ్రేజే. 1985లో రాండాల్ఫ్ క్విర్క్, మరో ముగ్గురు పండితులు కలిసి ప్రచురించిన పెద్ద ఇంగ్లీషు వ్యాకరణం 'టు గో', 'గోయింగ్' లాంటి రూపాలతో ఏర్పడే భాగాలను కూడా క్లాజులుగానే లెక్కించింది. రెండూ చదివిన పిల్లలు తికమకపడతారు. పరీక్షలో పుస్తకం చెప్పినట్టు రాయండి. రాతలో మాత్రం ఆ పని ఎవరిదో చూసుకోండి. "పాట పాడుతూ వంట చేస్తోంది" అన్నప్పుడు పాడేదీ వండేదీ ఒకరే, కాబట్టి 'సింగింగ్' హాయిగా సరిపోతుంది. "వర్షం పడి రోడ్డు మునిగింది" అన్నప్పుడు పడింది వర్షం, మునిగింది రోడ్డు. క్త్వార్థకానికి మామూలుగా కర్త ఒకరే ఉండాలన్నా, కారణం చెప్పేటప్పుడు తెలుగు ఇలా ఇద్దరు కర్తలను ఒప్పుకుంటుంది. ఇంగ్లీషులో ఇక్కడ 'హావింగ్' పెడితే రోడ్డే వర్షించినట్టు అవుతుంది. 'బికాజ్' పెట్టి రెండు పూర్తి క్లాజులు రాయాలి.

నా వాదన వినగానే చాలామంది ఒకే మాట అంటారు, ఇంగ్లీషు రావాలంటే ఇంగ్లీషులోనే ఆలోచించాలని. వచ్చిన తర్వాత అందరూ అలాగే ఆలోచిస్తారు. రాకముందు ఎలా ఆలోచిస్తారు? "ద హౌస్ ఐ లివ్" అని రాసిన పిల్ల ఇంగ్లీషు మాటలనే పేర్చింది, కానీ ఆ పేర్పు 'నేను ఉంటున్న ఇల్లు'ది. తరగతి గదిలో తెలుగు మాట్లాడటం నిషేధించినంత మాత్రాన తల లోపల తెలుగు ఆగిపోదు. అది చాటున పనిచేస్తూ, దిద్దేవాళ్లకు దొరకకుండా తప్పులు చేయిస్తూ ఉంటుంది. దాన్ని వెలుగులోకి తెచ్చి, దానితోనే పని చేయించుకోవడం మేలు.

గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉండగా సవర గిరిజన పిల్లలకు చదువు చెప్పడానికి ముందు తాను సవర నేర్చుకున్నారు. వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు, బళ్లు పెట్టారు. 1931లో ఆ భాషకు వ్యాకరణం కూడా ప్రచురించారు. పిల్లల దగ్గర ఉన్న భాష ఎలా నడుస్తుందో తెలియకుండా వాళ్లకు ఏ చదువూ సరిగ్గా చెప్పలేమని ఆయన పని చూస్తే నాకు అర్థమవుతుంది. మన దగ్గర గొడవంతా మాధ్యమం చుట్టూ తిరుగుతోంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బళ్లలో ఇంగ్లీషు మాధ్యమానికి ఉత్తర్వులిచ్చింది, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు వాటిని కొట్టేసింది. రెండు వైపులా బోలెడంత మాట్లాడారు. ఇంగ్లీషు మాధ్యమంలో కూర్చున్న పిల్లకు 'వెదర్' ఎక్కడ వాడాలో ఎలా చెబుతారన్న మాట ఆ చర్చలో నాకు వినిపించలేదు. ఏ మాధ్యమంలో చదివినా ఆ పిల్ల ఇంటికి వచ్చి, "నాన్న వస్తాడో రాడో" అనే అంటుంది.

ఇంగ్లీషు మాధ్యమం పిల్లలకు చేదర్థకం, అప్యర్థకం లాంటి పేర్లు తెలియవని ఇంకొందరు అంటారు. పేర్లు అక్కరలేదు. 'వస్తే', 'వచ్చినా', 'వచ్చిన', 'వస్తుందో', 'వస్తానని' అన్న అయిదు రూపాలు బోర్డు మీద రాస్తే చాలు. వాటిని వాడని తెలుగు పిల్ల ఈ ఊళ్లో ఉండదు.

నేను కోరుతున్నది పెద్ద సంస్కరణ కాదు. ఒకే బడిలో పనిచేసే తెలుగు మాస్టారూ ఇంగ్లీషు టీచరూ సంక్లిష్ట వాక్యాల పాఠాన్ని ఒకే వారంలో పెట్టుకోవచ్చు. ఒకరి తరగతిలో ఒకరు ఒక్క పీరియడ్ కూర్చోవచ్చు. పుస్తకాలు అచ్చువేసేవాళ్లు తెలుగు వాచకంలో చేదర్థకం ఉన్న పేజీ అడుగున ఇఫ్ క్లాజు ఉన్న ఇంగ్లీషు వాక్యం ఒకటి, ఇంగ్లీషు వాచకంలో ఎడ్జెక్టివ్ క్లాజ్ ఉన్న పేజీ అడుగున 'రవి రాసిన పెన్ను' లాంటి తెలుగు మాటలు నాలుగు వేయవచ్చు. అందుకు అయ్యే సిరా ఖర్చు కూడా పెద్దదేమీ కాదు.